ప్రభువు గురిగి

మొన్న ఆదివారం పొద్దున కొంపల్లిలోని మా అపార్ట్‌మెంట్ వంటింట్లో బియ్యం డబ్బా మూత తీయగానే ఎండిన వేపాకు వాసన గుప్పుమంది. పురుగు పట్టకుండా నేనే వేసుకున్న ఆకు. ఆ వాసనతో పాటు శామీర్‌పేట దగ్గర ద్రాక్షతోటల పక్కనున్న మా పెంకుటిల్లు, పొయ్యి వెనక గూట్లో మట్టి గురిగి, అందులో చెయ్యి పెట్టి నిలబడ్డ మా అవ్వ గుర్తుకొచ్చారు.

అవ్వ, అంటే మా నాయిన తల్లి, పూటపూటకూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి ఆ గురిగిలో వేసేది. మా చర్చి ఆడవాళ్లందరికీ అదే అలవాటు; వానకాలం కాల్చిన మక్క కంకులతో పూట గడుపుకున్న రోజుల్లోనూ, క్రిస్మస్‌కు గారెలు, అరిసెల వాసన వాడంతా కమ్ముకున్న రోజుల్లోనూ ఆ పిడికెడు తప్పేది కాదు. ఆదివారం అందరూ తమ గురుగులు తెచ్చి చర్చిలో పరిచిన గోనెసంచి మీద పోసేవాళ్లు. పూట గడవనివాళ్లకు పంచాలని ఆనవాయితీ. నాయిన సంఘపెద్ద. ఆయన ప్రార్థన ఎత్తుకుంటే తోటల్లో గుత్తులు కోసే కూలీలు కూడా చేతులాపి వినేవాళ్లు. అవ్వకేమో ప్రార్థనలో కునుకు పట్టేది.

"మంచి క్రియలతోని ఆత్మకు రక్షణ రాదే అవ్వా, విశ్వాసం ఉండాలె" అనేవాడు నాయిన.

"ఉండనియ్ బిడ్డా. ముందుగాల గా బర్రెకు నీళ్లు వెట్టు" అనేది అవ్వ.

ఒక ఏడు ముసురు పట్టి తోటల్లో పని దొరకలేదు. శనివారం సాయంత్రం పక్కింటి లచ్చమ్మ ఇద్దరు పిల్లలను వెంటేసుకుని మా గడపలో నిలబడింది. పొద్దుటినుంచి పొయ్యి రాజేయలేదట. నాయిన ఆమె నెత్తిన చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించి, "ఫికర్ జెయ్యకు చెల్లే, దేవుడు చూసుకుంటడు" అన్నాడు. ఆయన కళ్లనీళ్లు నిజమైనవే. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే. అవ్వ లోపలికి వెళ్లి గురిగి తెచ్చి లచ్చమ్మ కొంగులో బోర్లించింది.

"అవ్వా, అవి ప్రభువు బియ్యం! రేపు చర్చిల ఏం పోస్తవ్?" అన్నాడు నాయిన.

"ఆయనకు ఆకలైతే నాకు చెప్తడు తియ్. గీ పిల్లలైతే ఇయ్యాలనే చెప్పిన్రు."

మర్నాడు చర్చిలో తన వంతు రాగానే అవ్వ ఖాళీ గురిగిని సంచి మీద బోర్లించి, అడుగున రెండు దెబ్బలు తట్టింది. ఒక వేపాకు రాలింది. నాయిన తలెత్తలేదు. అవ్వ ఆత్మకు రక్షణ దొరకాలని వారంలో మూడు రోజులు ఉపవాసమున్నాడు. ఆయన వదిలేసిన అన్నాన్ని అవ్వ లచ్చమ్మ పిల్లలకు పెట్టింది.

ఇప్పుడా తోటల్లేవు, విల్లాలు లేచాయి. మా కొత్త చర్చిలో ఏసీ, డ్రమ్ములు అన్నీ ఉన్నాయి. పిడికెడు బియ్యం ఎప్పుడు ఆగిపోయిందో అడిగితే ఎవరికీ తెలియదు. విశ్వాసం, క్రియల మీద మాత్రం నెల రోజులుగా ప్రసంగాలు సాగుతూనే ఉన్నాయి. వింటుంటే విసుగొస్తోంది. ఆ విసుగు చర్చి మీదే అనుకునేదాన్ని.

మొన్న వేపాకు వాసన చూసిన ఆ పొద్దునే కారు తీస్తుంటే మా వాచ్‌మన్ భార్య యాదమ్మ ఎదురొచ్చింది. "అమ్మా, మా ఆయనకు జరమొచ్చి మూడు దినాలాయె. లేస్తలేడు. జర దవాఖానకు తీస్కపోతరా?"

ఆరాధనకు ఆలస్యమవుతోంది. అద్దం దించి, "ప్రార్థన చేస్తా యాదమ్మా" అన్నాను.

చేశాను కూడా. కళ్లనీళ్లు వచ్చాయి.