చిమ్నీలో మిగిలిన వాసన

పోయిన నెల మా అత్తమ్మ పోయింది. మధ్యాహ్నం చందువ చేపలు వేయించి, అందరికీ వడ్డించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఎంత అదృష్టవంతురాలో అని వచ్చినవాళ్లంతా అంటుంటే నాకు ఒళ్లు మండేది. ఆమె అదృష్టం సరే, మా సంగతేమిటి?

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. మా ఇంట్లో పెద్దకర్మకు ముందురోజు ఇల్లంతా కడిగాకే మళ్లీ వంట. అందాకా పక్కిళ్లవాళ్లే అన్నం పంపారు. పని లేకపోయినా నేను వంటింట్లోకి వెళ్లి చిమ్నీ కింద నిలబడేదాన్ని. దాని జాలీలకు ఆ చందువల నూనె ఇంకా అంటుకునే ఉంది. తల పైకెత్తితే ఉప్పూ కారం కలిసిన వాసన సన్నగా వచ్చేది. ఆమె చేతి వంటలో మాకు మిగిలింది అంతే. జాలీలు కడిగితే అదీ పోతుంది. కడిగే రోజు దగ్గరపడుతున్నకొద్దీ నాకు గుబులు పట్టుకుంది.

చిమ్నీ కడగడం ఎప్పుడూ ఆమె పనే. శుక్రవారం మేం నీచు వండం కనుక గురువారం భోజనాలవగానే జాలీలు ఊడదీసేది. వేడినీళ్లలో సబ్బు కలిపి, గూడూరు నుంచి తన తమ్ముడు పంపే నిమ్మకాయల పిండిన చెక్కలు వేసి నానబెట్టేది. అవి నానేలోగా పెరటి గుమ్మంలో పీట వేసుకుని, సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి కళ్లు సగం మూసి కూర్చునేది. ఆ వేళ ఇల్లంతా ఆమెతోపాటు జోగుతున్నట్టుండేది. మర్నాడు గడపకు పసుపు రాశాక చిమ్నీ అద్దానికీ ఒక కుంకుమ బొట్టు. మేం నవ్వితే ఒకటే మాట అనేది.

"పొగ గూడా మనింటి బిడ్డే. మురికి గుమ్మంలోంచి సాగనంపగూడదు."

చిమ్నీ కొన్న కొత్తల్లో ఎంత కడిగినా అది పొగ లాగేది కాదు. జువ్వలదిన్నె నుంచి రొయ్యలు తెచ్చిన రోజున ఇంట్లో ఒకరికొకరు కనపడలేదు. బాగుచేసే అతను వచ్చి, జాలీని వేలితో తడిమి, దీనికేం రాస్తున్నారమ్మా అని అడిగాడు. నూనె అంది అత్తమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు. మా ఉప్పుగాలికి ఇనప పెనం కడిగి నూనె రాయకపోతే తెల్లారేసరికి తుప్పు. జాలీనీ ఆ లెక్కనే చూసుకుంది. శ్రద్ధగా జిడ్డు వదిలించి, అంతకంటే శ్రద్ధగా మళ్లీ పూసేది. సంగతి తెలిశాక అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే. "మంచి నూనే రాసినాను గదయ్యా" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కొత్తకోడలిగా నేను మాడ్చిన కూరలకు లెక్కలేదు. మామయ్య వచ్చే వేళకు ఆమె మాడు వాసన పోయేలా చిమ్నీ పెద్ద మీట నొక్కి, ఏమీ ఎరగనట్టు ఉల్లిపాయలు తరుగుతూ కూర్చునేది. ఎవరి దగ్గరా నన్ను తక్కువ చేయని మనిషి. ఆమె అంటే నాకు ప్రాణం.

కడిగే రోజు రానే వచ్చింది. జాలీలు ఊడదీసి పెరటి గచ్చు మీద పెట్టాను కానీ నీళ్లు పోయడానికి చేతులు రాలేదు. మామయ్య వచ్చి ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. అన్నిరోజులుగా ఆయన ఎవరితోనూ మాట్లాడింది లేదు.

"కడిగెయ్యమ్మా," అన్నాడు. "మీ అత్తమ్మ వంటిల్లు జిడ్డుగా ఉండాదని రేపు ఎవురూ అనగూడదు."

వాసన పోతుంది మామయ్యా అన్నాను.

వేడినీళ్లు పోశాను. జిడ్డు కరిగి, నీళ్ల మీద రంగురంగులుగా తేలి, ఎండలో మెరుస్తూ మెల్లగా మెట్టు కింది మట్టి వైపు సాగింది. దాన్ని తొక్కకుండా మామయ్య రెండు కాళ్లూ పైకి తీసుకుని, అదంతా మట్టిలో ఇంకేదాకా అలాగే కూర్చున్నాడు.