మూత పడని సీసాలూ మా పోర్టు బాబాయీ

మా దగ్గుమందు కంపెనీలో సీసాలకు మూతలు బిగించే యంత్రం వయసెంతో ఎవరికీ తెలీదు. దాన్ని నడిపే కంప్యూటర్ అంతకంటే పాతది. దాని పక్కన నిలబడితే మా మేనత్త కూడా పడుచుపిల్లలా కనిపిస్తుంది. ఆ రెండింటికీ మాట కలపడం తెలిసినవాడు ఒక్కడే, మా పోర్టు బాబాయి. ఎవరు ఏం అడిగినా "ముందు పోర్టు చూడాలి" అంటాడు కాబట్టి ఆ పేరు. ఫ్యాను తిరగకపోయినా అదే మాట, మనవరాలు ఏడ్చినా అదే మాట.

పోర్టు అంటే యంత్రానికీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న కిటికీ అనుకోండి. ఒక్కో కిటికీకి ఒక్కో నంబరు. బాబాయి సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం సెకనుకు పదిసార్లు ఒక కిటికీ తట్టి "సీసా వచ్చిందా?" అని అడుగుతుంది. వచ్చిందంటే ఇంకో కిటికీలోంచి "మూత వెయ్" అని చెబుతుంది. ఇంతే పని. దీనికోసం ఆయన ఇరవై రెండేళ్లుగా తెర ముందు కూర్చుని చూపూ, జుట్టూ, సగంమంది స్నేహితుల్నీ పోగొట్టుకున్నాడు. అన్నం తింటూ కూడా "మూడు సున్నా నాలుగు" అని గొణుగుతుంటే, పిన్నికి అనుమానమొచ్చి ఆ నంబరు ఇల్లు ఎవరిదా అని నాలుగు వీధులు తిరిగిందట. చివరికి పళ్లూడిన ముసలాయన తలుపు తీశాక గానీ ఆవిడ స్థిమితపడలేదు.

అనుమానం రావడానికి బాబాయి తప్పూ ఉంది. ఎవరైనా గదిలోకి అడుగుపెడితే తెరని గోడవైపు తిప్పేస్తాడు. ప్రోగ్రాం చూపించమంటే చూపిస్తాడు గానీ, దాన్ని రాసినవాడు తప్ప ఇంకొకడు చదవలేడు.

యజమాని బావమరిది మా మీద పెత్తనానికి వచ్చాడు. చదువుకున్నవాడే, కంప్యూటర్ తెలిసినవాడే. కానీ ఆయనకి తన నీడ మీద కూడా నమ్మకం లేదు, వెనక్కి తిరిగి చూసుకుంటూ నడుస్తాడు. ఆయన వచ్చిన వారానికే మూత లేని సీసా ఒకటి మేం లేబుళ్లు అంటించే బల్ల దాకా వచ్చేసింది. మూతలు జారే గొట్టంలో ఒకటి ఇరుక్కుంది, అంతే. ఆయన మాత్రం ఆ సీసాని పట్టుకుని బాబాయి గదికి వెళ్లాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"సీసా."

"అది నాకూ కనిపిస్తోంది. మూతేదీ?"

"గొట్టంలో ఇరుక్కుంది, తీసేశాను. ఇరవై రెండేళ్లలో ఇలాంటివి బోలెడు చూశాను, అబ్బాయ్."

"ఆ లెక్కన నీ దగ్గర ఇంకెన్ని దాచి ఉంచావో!"

సోమవారం నుంచి మొదలైంది చూడండి గోల. రోజుకి నాలుగు వందల సీసాలు బోడిగా వచ్చాయి. సరే, నలభై. బుధవారానికి మాత్రం నిజంగానే సగానికి సగం. బల్ల నిండా పాకం, పాకం నిండా చీమలు. దేశంలో ఉన్న చీమలన్నిటికీ దగ్గు తగ్గిపోయింది.

ఎలాగూ తనని తీసేస్తారని ముందే పసిగట్టి, బాబాయే కావాలని యంత్రాన్ని పాడుచేస్తున్నాడని బావమరిది యజమాని చెవిలో ఊదాడు. యజమాని బాబాయిని పిలిచి, "శనివారంలోగా తేల్చవయ్యా. లేదంటే కొత్త యంత్రం, కొత్త మనిషి" అన్నాడు. ఆ పాత కంప్యూటర్‌తో మాట్లాడటం తప్ప ఇంకేమీ రానివాడికి ఇంకెక్కడ కుర్చీ వేస్తారు?

ఇక బాబాయికి లోకమంతా దొంగల్లా కనిపించింది. తీగల్ని అనుమానించాడు. సీసాని కనిపెట్టే ఎర్రదీపం కన్నుని అనుమానించాడు. చివరికి మా బల్ల దగ్గరకొచ్చి, "మూతలు మీరేమైనా తీస్తున్నారా?" అన్నాడు.

"లేబుళ్లు వేళ్లకంటుకుని చస్తున్నాం బాబాయ్, ఇంకా మూతలు కూడానా!" అంది నా పక్కనున్న వదిన. "కావాలంటే నా కొంగు విప్పి చూసుకో, పిన్నిని పిలిచి మరీ చూసుకో!"

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లి సీసాలు కదిలే బెల్టు పక్కన కూర్చున్నాడు. సీసా వచ్చినప్పుడల్లా కన్ను దీపం వెలుగుతోంది. ఆ లెక్క గోడ మీద సుద్దతో రాశాడు. ప్రోగ్రాంకి ఎన్ని సీసాలు తెలిశాయో తెర మీద చూశాడు. గోడ మీద రెండు వందలు, తెర మీద నూట మూడు.

శనివారం పొద్దున యజమాని, బావమరిది, మేమందరం ఆ గదిలో ఇరుక్కున్నాం. బాబాయి మొదటిసారి తెరని మావైపు తిప్పాడు.

"కన్ను చూస్తోంది. కిటికీకి కబురు చేరుతోంది. నేను అడిగేసరికి లేదు. అంటే నాకంటే ముందే ఎవరో అడిగేసి పోతున్నారు," అంటూ ఓ మీట నొక్కాడు. కంప్యూటర్‌లో నడుస్తున్న ప్రోగ్రాంల పట్టీ వచ్చింది. "మొదటిది కంప్యూటర్‌ది, రెండోది నాది. మూడోది ఎవరిది?"

అందరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. బావమరిది పైకప్పు చూశాడు.

"నాదే," అన్నాడు చివరికి. "నువ్వేం చేస్తున్నావో కనిపెడదామని ఆదివారం నువ్వు లేనప్పుడు పెట్టాను. అది పోర్టుని ఊరికే చదువుతుంది, అంతే. ఏమీ రాయదు, ఏమీ మార్చదు."

"చదివితే చాలదా! ఈ పోర్టులో కబురు ఒక్కసారి చదివితే చెరిగిపోతుంది. ఎవరు ముందు చదివితే కబురు వాళ్లకే. సీసా వచ్చిందని నీ ప్రోగ్రాంకి తెలిసింది, నాదానికి తెలీలేదు. మూత పడలేదు. ఎన్నిసార్లు చదివిస్తున్నావ్?"

"మొదట సెకనుకొక్కసారే... మూతలు పోతున్నాయని పదిసార్లు చేశాను."

"అంటే," అన్నాడు యజమాని, "నీ కాపలా పెరిగేకొద్దీ నా మందు నేలపాలైందన్నమాట."

బాబాయి మూడోదాన్ని తీసేసి బెల్టు నడిపాడు. రెండు వందల సీసాలకీ రెండు వందల మూతలు పడ్డాయి. మా వదిన చప్పట్లు కొట్టింది, ఆ లేబుళ్ల చేతులతోనే.

"కొత్త యంత్రం మాట మరిచిపోవయ్యా," అని యజమాని బాబాయి భుజం తట్టాడు.

బాబాయి బావమరిది వైపు తిరిగాడు. "పోర్టుని నా ప్రోగ్రాం ఒక్కటే చదువుతుంది. చదివిన ప్రతిసారీ దాని నకలు పక్కన పెడుతుంది. నువ్వు ఆ నకలు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకో, నాకేం నష్టం లేదు."

బావమరిది తెర దగ్గరకొచ్చి వంగి చూశాడు. "ఆ నకలు నువ్వే మార్చి పెడితే?"

"అయితే వచ్చి బెల్టు పక్కన నిలబడి కళ్లతో చూసుకో."

ఆయన నిజంగానే నిలబడ్డాడు. మూడు నెలలైంది, ఇంకా నిలబడే ఉన్నాడు. మేం ఆయన చుట్టూ తిరిగి నడుస్తున్నాం.