సంచి బరువు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీకే ఎందుకు చెబుతున్నాను? మీరు నా దుకాణానికి రారు కాబట్టి.

గద్వాలలో సైకిళ్లు బాగుచేస్తాను. రిమ్ముకు స్పోకులు బిగించి చక్రం అల్లడంలో నాకు పేరుండేది. మిగతావాళ్లు స్పోకులను వేళ్లతో నొక్కి బిగువు చూస్తారు. నేను గోటితో మీటి వినేవాణ్ణి. బిగువైనది టింగుమంటుంది, వదులైనది పలకదు. అందరూ మెచ్చుకునేవారు, అదే నా పొగరు. తర్వాత చెవులు మందగించాయి. సన్నని చప్పుళ్లు అందడం మానేశాయి. అయినా ఎవరైనా చూస్తుంటే మీటి, విన్నట్టు తల ఊపేవాణ్ణి. వేళ్లతో నొక్కి చూస్తే నా సొమ్మేం పోయేది?

తిమ్మప్ప సైకిల్ వెనక చక్రం అలాగే అల్లాను. తిప్పితే వంకర లేకుండా తిరిగింది. స్పోకులు వదులుగా ఉన్నా కొత్త చక్రం కొన్నాళ్లు తిన్నగానే తిరుగుతుందని నాకు తెలియదా? నాలుగో రోజు అయిజ రోడ్డు మీద చక్రం మడతపడింది. క్యారియర్ మీద అతని భార్య నర్సమ్మ, ఆమె ఒళ్లో బియ్యం సంచి. ఆమె కుడి చెయ్యి విరిగింది. ఎముకైతే అతికింది గానీ వేళ్లు ముడుచుకోవు. విత్తనపత్తి చేలలో పుప్పొడి అంటేలా పువ్వుకు పువ్వు రుద్దే వేళ్లవి. ఆ పనికి మళ్లీ ఎవరూ పిలవలేదు.

పడిన మర్నాడే తిమ్మప్ప ఆ చక్రం తెచ్చాడు. నొక్కగానే తెలిసింది, ఒక పక్కంతా వదులే. అతను కండువాతో కళ్లు తుడుచుకునేలోపు కటింగ్ ప్లేయర్ తీసుకుని, ఆ వదులు ఇంకెవరికీ దొరక్కుండా స్పోకులన్నీ తెంపేశాను.

"సంచి ఆటోల ఏద్దామని నర్సమ్మ శాన చెప్పింది భాయ్. నేనే ఇనలె. బరువెక్కువైందా?"

"ఎక్కువైంది తిమ్మప్పా. గంత బరువు ఏ చక్రం మోస్తది?"

అయ్యో, ఎంత సులువుగా వచ్చిందా మాట!

ఇప్పటికీ అతను నా దగ్గరికే వస్తాడు. ఎవరైనా మూటలు కట్టుకుంటుంటే, "జర తక్కువ ఏసుకోండ్రి, నేను జేసిన తప్పు మీరు జెయ్యకుండ్రి," అని నా దుకాణం ముందే నిలబడి చెబుతాడు. నేను తల వంచుకుని పని చేసుకుంటాను.

మొన్న చెవి మిషన్ పెట్టించుకున్నాను. స్పోకు మీటితే మళ్లీ టింగుమంది. సంతోషపడేలోపే బయటినుంచి నర్సమ్మ గొంతు వినబడింది. ఎన్నేళ్లుగా అంటోందో, నా చెవిన పడటం అదే మొదటిసారి.

"గా సైకిల్ నేనెక్క. నువ్వు పో, నేను నడిచొస్త."

తిమ్మప్ప సైకిల్ నడిపించుకుంటూ ముందు పోయాడు. ఆమె పదడుగుల వెనక నడిచింది. వాళ్లిద్దరి మధ్య ఆ దూరం నేను పెట్టిందే.

అతని ముందు నిలబడి చెప్పే ధైర్యం ఈరోజుకూ లేదు. మీరు నన్ను క్షమించాల్సిన పని కూడా లేదు. కానీ లోపల ఎనిమిదేళ్లుగా తిరుగుతున్న మాటను ఒక్కసారి రాసుకోనివ్వండి, కాస్త ఊపిరాడుతుంది.

తిమ్మప్పా, బరువెక్కువ కాలేదు.