సీటు లేస్తేనే

నేను విమానాల్లో సీట్లు డిజైన్ చేస్తాను. ఆఫీసు హైదరాబాదులో. మా ఆయన నూజివీడు యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు కాబట్టి ఆరేళ్లుగా ఇక్కడి నుంచే పని చేస్తున్నాను. నా ఉద్యోగం ఇదీ అని చెబితే ఊళ్లో ఎవరికీ ఒక పట్టాన అర్థం కాదు. ఒక పెళ్లిలో మా ఆడపడుచు అత్తగారు అందరి ముందూ, "కుర్చీలు చేస్తావటగా అమ్మా, మా మనవరాలి ఓణీల ఫంక్షనుకి ఓ రెండొందలు అద్దెకి పంపుతావా?" అని అడిగారు. ఆ బంతిలో ఎవరెవరు నవ్వారో, ఎవరి విస్తరి పక్కన ఎవరిదో ఇప్పటికీ చెప్పగలను.

అది చిన్న విషయం. పెద్ద విషయం మా బాస్ అన్న మాట.

అది చెప్పేముందు నా డిజైన్ ఏంటో చెప్పాలి. మా పాప చిన్నప్పుడు జ్వరంతో ఉండగా ఢిల్లీ నుంచి విమానంలో తీసుకొచ్చాం. వరసలో మూడు సీట్లూ మావే. అయినా పిల్లని పడుకోబెట్టడానికి లేదు. చేతులు పెట్టుకునే కమ్ములు సగమే లేస్తాయి. కాళ్లు పెట్టుకునే చోట గొయ్యి. రెండు గంటలపాటు నేను కింద గొంతుక్కూర్చుని, పాప జారిపోకుండా భుజం అడ్డం పెట్టాను. దిగగానే ఆ విమాన కంపెనీకి ఫిర్యాదు రాశాను. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని జవాబొచ్చింది. ఎంత విలువైనదో చెప్పమని మళ్లీ రాశాను. నాలుగుసార్లు రాశాను. ఇక జవాబు లేదు. సరే, వాళ్లు చెయ్యకపోతే నేనే చేస్తానని మొదలుపెట్టిందే ఈ డిజైన్.

మూడు సీట్ల వరస. ఒక్కో సీటు కింద, కాళ్ల వెనక, ఒక రెక్క వేలాడుతూ ఉంటుంది. దాన్ని పైకి లేపితే సీటుతో సమానంగా వచ్చి నిలబడి ముందున్న ఖాళీని పూడుస్తుంది. మూడు రెక్కలూ లేపి, కమ్ములు వెనక్కి మడిస్తే మంచం. దించితే మళ్లీ మూడు సీట్లు. ఏ ముక్కకి ఆ ముక్క విడిగా ఊడుతుంది, పాడైనదొక్కటే మార్చుకోవచ్చు. కాగితం మీద మూడేళ్లు పట్టింది. అన్నీ కుదిరాయి, రెక్కని పట్టి ఉంచే లాక్ తప్ప. మనిషి బరువుకి రెక్క దిగిపోకూడదు. పనిముట్టు లేకుండా ఒక్క చేత్తో ఊడాలి. నేను పెట్టిన స్ప్రింగు బొత్తం రెండు చేతులూ అడిగేది, వేళ్లు నలిపేది.

ఆ సంగతి వీడియో మీటింగులో చెబుతున్నాను. గురువారం, పదకొండు దాటి నాలుగు నిమిషాలు. బాస్ మధ్యలో అందుకుని, "ఇదేంటండీ, మీ నూజివీడు ఆటో సీటులా ఉంది" అన్నారు. తెర మీద తొమ్మిది నవ్వు బొమ్మలు లేచాయి. ఎవరెవరివో ఫొటో తీసి పెట్టుకున్నాను. ఆ వెంటనే ఆయనే, విమాన కంపెనీ తరఫున ఒక మేడం నెలాఖరుకి చూడ్డానికి వస్తున్నారని, అప్పటికి నిజం సైజులో పనిచేసే నమూనా లేకపోతే నా డిజైన్ పక్కన పెట్టేసి మామూలు సీట్లే చూపిస్తామని చెప్పారు.

"నమూనా నూజివీడులోనే చేస్తాను. మీరే రండి" అన్నాను. ఎక్కడ చేస్తానో అప్పటికి నాకే తెలీదు.

మా మామయ్యగారికి ముసునూరు రోడ్డులో, మామిడి తోట లోపల, కాయల ప్యాకింగ్ షెడ్డు ఉంది. మార్చిలో ఖాళీగానే ఉంటుంది. అడిగితే ఇచ్చారు. "పిందెలు కాయలయ్యేలోపు ఖాళీ చెయ్యాలమ్మా. కాయ కోశాక లారీ నీ విమానం కోసం ఆగదు" అన్నారు. నేల మీద సుద్దతో విమానం వెడల్పు గీశాను. ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ముందు వరస సీట్లు అనుకున్నాను. వరిగడ్డి వాసన మధ్య నిలబడి చూస్తే నాకది నిజంగానే విమానంలా కనిపించింది. చేతులు ఆగలేదు.

లాక్ మాత్రం తేలలేదు. ఆటో సీటు అన్నారుగా, అసలు ఆ ఆటో సీటేంటో చూద్దామని కోపంతోనే బస్టాండుకి వెళ్లాను. ఆరేళ్లుగా ఎక్కి దిగుతున్న ఆటోలే. ఒక్కనాడూ వంగి చూడలేదు. ఆ రోజు చూశాను. సీజన్లో వాళ్లు పొద్దున్నే వెనక బల్ల ఊడదీసి కాయల ట్రేలు ఎక్కిస్తారు, కాలేజీ వేళకి బల్ల మళ్లీ బిగించి పిల్లల్ని ఎక్కిస్తారు. ఊడదియ్యడం, బిగించడం ఒక్క మనిషి పని, అరనిమిషమేనని డ్రైవర్లు చెప్పారు. బల్లల మీద మనుషులు కూర్చుని ఉండటంతో లాక్ మాత్రం కనిపించలేదు. నా కాగితాల మీద మూడేళ్లుగా ఉన్న మాటలన్నీ ఇక్కడ రోడ్డు మీద తిరుగుతున్నాయి. ఆ క్షణంలో కోపం సంగతి మర్చిపోయాను. తర్వాత మళ్లీ గుర్తు తెచ్చుకున్నాననుకోండి.

ఈ బల్లలన్నీ ఎవరు చేస్తారంటే సీట్లు కుట్టే ఒక మేస్త్రిగారి పేరు చెప్పారు. ఇరవై ఏళ్లు ఆటో తోలి, మోకాళ్లు నొప్పులు రావడంతో సీట్ల పనిలోకి దిగిన మనిషి. ఫోన్ చేస్తే చింతలపూడిలో పని మీద ఉన్నానన్నారు.

"మేస్త్రిగారూ, మీ ఆటో బల్ల లాక్ ఎలా ఊడుతుందండీ?"

"సీటు లేస్తేనే ఊడిద్దమ్మా. అంతే. అందులో విద్యేం లేదు."

ఫోన్ పెట్టేశారు. నేను అక్కడే, బస్టాండు సిమెంటు బల్ల మీద కూర్చుని బొమ్మ గీశాను. సీటు లేస్తేనే. అంటే రెక్కని ముందు రెండు వేళ్ల ఎత్తు పైకి లేపాలి, అప్పుడే కొక్కెం గాడిలోంచి బయటికొస్తుంది. మనిషి కూర్చుంటే ఆ బరువుకి కొక్కెం ఇంకా లోపలికి దిగి బిగుస్తుంది. ఎంత బరువైతే అంత బిగువు. బొత్తం లేదు, స్ప్రింగు లేదు. ఇంటికెళ్లి కొలతలు వేస్తూ పొయ్యి మీద పప్పు మాడ్చాను. పాప వచ్చి, "అమ్మా, ఎవరైనా ఏమన్నా అన్నారా?" అని అడిగింది. నేను అలా కదలకుండా కూర్చుంటే ఎవరో ఏదో అన్నట్టే లెక్క మా ఇంట్లో.

రెండు రోజుల్లో వెల్డింగు షాపులో కొక్కేలు, గాడులు కోయించి బిగించాను. మూడో రోజు మేస్త్రిగారు ఫోమ్ షీట్లు తీసుకుని షెడ్డుకొచ్చారు. రెక్క లేపి చూపించాను. రెండు వేళ్లు పైకి లేపి లాగి, దించి చూపించాను.

"మీ లాకే మేస్త్రిగారూ."

ఆయన వంగి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఇది నాది కాదమ్మా."

"మీరే కదండీ చెప్పింది, సీటు లేస్తేనే ఊడుతుందని?"

"సీటంటే మనిషమ్మా. ప్యాసింజరు. బస్టాండులో ఎన్ని సీట్లెక్కినయ్ అంటే ఎంతమంది ఎక్కారని. నేను గడియ కూర్చునే మనిషి తొడ కింద పెడతా. మనిషి లేచాకే చెయ్యి దూరిద్ది, అప్పుడే ఊడిద్ది. అదీ నేను చెప్పింది." కాసేపు నవ్వి, "మీరు సీటునే లేపేశారన్న మాట" అన్నారు.

నాకు చెవులు వేడెక్కాయి. ఆరేళ్లుగా ఆ ఊళ్లో ఉండి ఆ మాట తెలియలేదు. కానీ ఆయన రెక్క లేపి, దించి, మళ్లీ లేపి, "నా దానికంటే ఇదే బాగుంది. దీని మీద సీటు కూర్చుంటే... అదే, మనిషి కూర్చుంటే, పైకి లేపడం ఎవరి వల్లా కాదు" అన్నారు. ఆలోచన మీదేనని నేను, కాదు మీదేనని ఆయన. ఇప్పటికీ తేలలేదు. నేను ఒప్పుకోను.

ఆ సాయంత్రం బొమ్మలు బాస్‌కి పంపాను. పావుగంటలో ఫోన్ చేశారు. "విమానం ఒక్కసారి కిందకి జారితే మనుషులు గాల్లోకి లేస్తారండీ. అప్పుడు బరువే ఉండదు. మీ బరువు లాక్ ఏం చేస్తుంది?"

ఆయన అడిగింది సబబే. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. మర్నాడు మేస్త్రిగారికి చెప్పాను.

"దానికేముందమ్మా, గోతిలో దిగితే ఆటోలోనూ సీట్లు గాల్లోకి లేస్తయ్."

ఈసారి జాగ్రత్తగా అడిగాను. "ఏ సీట్లండీ?"

"రెండూ" అన్నారు.

ఆయన పాత ఆటో ఇంకా ఉంది. దాని వెనక బల్ల తీసేసి నా రెక్క ఒకటి బిగించాం. ఇసక నింపిన ట్రేలు రెక్క మీద పెట్టి తాళ్లతో కట్టి ముసునూరు వైపు బయల్దేరాం. నేను పక్కన ఇరుక్కుని కొక్కెం వైపే చూస్తున్నాను. మొదటి రెండు గోతులు దాటింది. కల్వర్టు దగ్గర ఆటో ఎగిరింది, కొక్కెం గాడిలోంచి లేచి పక్కకు జారింది, రెక్క దిగిపోయి ఇసక ట్రే నా పాదం మీద పడింది.

"దెబ్బ తగిలిందా అమ్మా?"

"తగిలింది. కొక్కెం ఎంత లేచిందో చూశాను. రెండు వేళ్లు దాటింది" అన్నాను. నా గొంతులో సంతోషం విని ఆయనకి భయం వేసినట్టుంది.

షెడ్డుకొచ్చాక ఆయన పాత టైరు ట్యూబు ముక్క కోసి కొక్కేనికీ కింది కమ్మికీ మధ్య సాగదీసి కట్టారు. బరువు లేనప్పుడు కూడా అది కొక్కేన్ని కిందకి లాగి ఉంచుతుంది. చేత్తో లేపితే సాగుతుంది, కుదుపుకి సాగదు. దాని బదులు అసలు సీటులో సన్నటి ఉక్కు పట్టీ వెయ్యొచ్చని అప్పుడే అనిపించింది.

మర్నాడు మళ్లీ అదే రోడ్డు. ఈసారి రెక్క మీద నేనే కూర్చున్నాను. మేస్త్రిగారు గోతి కనిపించగానే అటే తిప్పుతున్నారు. "ఇరవయ్యేళ్లు గోతులు తప్పించడానికి తోలానమ్మా. ఇవాళ వెతుక్కుంటున్నా" అన్నారు. కల్వర్టు దగ్గర వేగం పెంచారు. నేను లేచాను, తల పైన టాపుకి తగిలింది, మళ్లీ కూర్చున్నాను. రెక్క కదల్లేదు. వెనక్కి తిప్పి ఇంకోసారి ఎక్కించమన్నాను. నాలుగుసార్లు ఎక్కించారు. తోటల్లో మందు కొడుతున్నవాళ్లు పంపులు ఆపి మమ్మల్నే చూశారు. నేను పట్టించుకోలేదు. నా జీవితంలో అలాంటి రోజులు ఎక్కువ లేవు.

నెలాఖరున బాస్, విమాన కంపెనీ మేడం గన్నవరంలో దిగి కారులో వచ్చారు. తోటలోకి వచ్చే బాట ఇరుకు. కారు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది, మేస్త్రిగారు ఆటోలో తీసుకొచ్చారు. ఆ మేడం చాలా ఏళ్లు విమానంలో ఎయిర్‌హోస్టెస్‌గా పనిచేశారట. నేను చెప్పబోతుంటే ఆపారు. "చెప్పకండి. చెప్పకుండా నాకు తెలిస్తేనే అది మంచి సీటు" అన్నారు.

రెక్క పట్టుకుని లేపారు. టక్‌మని పడింది. రెండోది, మూడోది. కమ్ములు మడిచారు. చెప్పులు విడిచి పడుకున్నారు. షెడ్డు రేకుల వైపు చూస్తూ కొంచెంసేపు అలాగే ఉన్నారు. తర్వాత లేచి, ఒక్క చేత్తో లాగారు, రాలేదు. పైకి లేపి లాగారు, వచ్చింది. ఆమె ముఖం చూశాను. అది నేను దాచుకున్నాను, ఫొటో లేకుండానే.

"మనిషి ఉండగా పొరపాటున ఊడదు కదా?" అని అడిగారు.

"సీటు లేస్తేనే అండి" అన్నారు మేస్త్రిగారు.

ఆమె మళ్లీ రెక్క లేపి దాని మీద కూర్చుని, బాస్‌తో, "లాగండి" అన్నారు. బాస్ వంగి లాగారు. కదల్లేదు. మోకాలు ఆనించి లాగారు. చొక్కా పైకి వచ్చేసింది.

దీన్ని పరీక్షలకు పంపుదామని మేడం అక్కడే, ట్రేల మీద కాగితం పెట్టి సంతకం చేశారు. అందులో లాక్ పేరు రాసే గడి ఖాళీగా ఉంది. అడిగితే చెప్పాను, రాసుకున్నారు. తర్వాత బాస్ ఆ కాగితం చూసి, "ఆటో లాక్ అన్నారేంటండీ? చేత్తో లేపాలిగా, ఆటోమేటిక్ కాదు కదా?" అన్నారు.

"కాదు సర్. ఆటో."

ఆయనకి అర్థం కాలేదు. గురువారం, పదకొండు దాటి నాలుగు నిమిషాలకి ఆయన అన్న మాట ఉన్నదున్నట్టుగా అప్పజెప్పాను. "నేను అలా అన్నానా?" అన్నారు. నిజంగానే గుర్తు లేదు మనిషికి. మూడు వారాలు నేను మోసిన మాట ఆయన అప్పుడే ఎక్కడో దించేసి వెళ్లిపోయారు. పేరు మారుద్దామన్నారు. సంతకం అయిపోయింది, మార్చనన్నాను.

బయట మామయ్యగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. చెట్ల కొమ్మలు అప్పటికే కాయల బరువుకి వంగుతున్నాయి. మేస్త్రిగారు ఆటో స్టార్ట్ చేసి, ఫోన్‌లో కారు డ్రైవరుతో, "వస్తున్నామయ్యా, రెండు సీట్లు" అని చెప్పారు.

బాస్ ఆటో వెనక ఉన్న ఒకే ఒక్క బల్ల వైపు చూసి, "ఒకటే ఉందిగా సీటు?" అని నన్ను అడిగారు.

నేను చెప్పలేదు.