నాలుగు, అయిదు అంతస్తుల మధ్య సిగ్నల్

పాడవని వస్తువును మార్చడం లిఫ్టు మెకానిక్కుకు తెలియదు. తాడు అరగాలి, మోటారు మూలగాలి, అప్పుడే కొత్త సామాను కావాలని కాగితం రాస్తాడు. అతని బటన్ల ఫోను పదకొండేళ్లలో ఒక్కసారి కూడా మూలగలేదు. ఒకసారి మూడో అంతస్తు నుంచి లిఫ్టు గుంతలో పడి, మూత ఒక పక్కకి, బ్యాటరీ ఒక పక్కకి ఎగిరిపోతే, అతను కిందికి దిగి రెండూ ఏరి బిగించాడు. అది ఏమీ జరగనట్టు టైము చూపించింది. అలాంటిదాన్ని మార్చడానికి అతనికి మనసెలా ఒప్పుతుంది?

దానికి ఉన్న లోపం ఒక్కటే. లిఫ్టు నడిచే గోడల మధ్య అది మోగదు. ఆ కంపెనీ సిగ్నల్ అక్కడికి రాదు. మెకానిక్కు పగలంతా ఆ గోడల మధ్యే ఉంటాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఫోను బల్ల మీద పెట్టగానే గీతలన్నీ నిండుగా వచ్చేవి. అప్పుడు అతనికి ఫోను చేయాల్సిన ఒకే ఒక్క మనిషి, అతని భార్య, వంటింట్లో ఉండేది.

తొమ్మిదేళ్ల క్రితం ఆమె తండ్రి పోయిన రోజు ఆమె నలభై సార్లు ఫోను చేసింది. అతను ఒక పదకొండు అంతస్తుల బిల్డింగులో తాళ్లు మారుస్తున్నాడు. సాయంత్రం వీధిలోకి వచ్చాక గానీ తెలియలేదు. ఆమె తిట్టలేదు, ఏడవడం అప్పటికే అయిపోయింది. "ఫోనన్నాక మోగాలి కదండీ" అంది, అంతే. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. అయినా ఫోను పాడవలేదు కాబట్టి మార్చలేదు. మనిషి మంచివాడే, చెడ్డవాడని ఎవరూ అనలేరు. కానీ కొందరి మంచితనాన్ని కూడా అప్పుడప్పుడూ చెవి పట్టుకుని లాక్కురావాలి.

ఈ నెలలో ఆమె మెడ మీద చిన్న గడ్డ తేలింది. ఆమె పుస్తకాల బైండింగ్ షాపులో పనిచేస్తుంది. పగలంతా తల వంచి కుట్టడం వల్ల నరం పట్టేసిందనుకుంది. డాక్టరు నొక్కి చూసి సూదితో కాస్త తీసి పరీక్షకి పంపాడు. గురువారం పదకొండింటికి వస్తే ఏ సంగతీ చెబుతానన్నాడు.

"మీరు రానక్కర్లేదు. పనిలో ఉంటారుగా. నేనే వెళ్ళొస్తాను. ఫోను చేస్తే ఎత్తండి, అంతే చాలు" అంది భార్య.

ఇక్కడ మెకానిక్కు గురించి ఒక సంగతి చెప్పాలి. లిఫ్టు పనిలో ఒకడు లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడితే ఇంకొకడు పైన మోటారు గదిలో ఉంటాడు. ఒకడు "కిందికి" అంటే రెండోవాడు "కిందికి" అని తిరిగి చెప్పి, అప్పుడు మీట నొక్కుతాడు. అక్కడ 'కిందికి' అంటే కిందికే. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అంటే వేళ్లు పోతాయి. ఇరవై రెండేళ్లు అలా బతికిన మనిషికి ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. భార్య కోపంగా "నాకు ఆకలి లేదు" అంటే, ఆమె కంచం తీసి బోర్లించి వచ్చేవాడు. "నా పుట్టినరోజుకి ఏమీ వద్దు" అంటే ఏమీ తెచ్చేవాడు కాదు. ఆమె అలవాటు పడిపోయిందని అతని నమ్మకం. కాబట్టి ఫోను ఎత్తితే చాలంటే, ఎత్తితే చాలన్నమాట. అతను ఎత్తి తీరాలనుకున్నాడు.

శనివారం ఫోనూ, కంపెనీ రెండూ ఒకేసారి మార్చేశాడు. షాపులో అమ్మాయి కొత్త ఫోనును పసిబిడ్డలా రెండు చేతులతో అందించింది.

"దీనికి నాలుగు కెమెరాలున్నాయి సార్."

"మోగుతుందా?"

"చీకట్లో కూడా ఫొటో పగల్లా వస్తుంది సార్."

"మోగుతుందా అమ్మా?"

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, మోగుతుందని చెప్పింది. పక్క కౌంటర్లో నెట్‌వర్క్ కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒకాయన కూర్చున్నాడు. ఊళ్లో మూలమూలకీ తమ సిగ్నల్ ఉందని గోడ మీది రంగుల పటం చూపించాడు.

"లిఫ్టు గోడల మధ్య ఉందా?"

టై ఆయన నవ్వాడు. మెకానిక్కు నవ్వలేదు. అప్పుడు ఆయన గొంతు తగ్గించి, "అక్కడికి మాత్రం గ్యారంటీ ఇవ్వలేను సార్" అన్నాడు. ఆ షాపులోకి అడుగుపెట్టాక విన్న మొదటి నిజం అదేనని తోచి, మెకానిక్కు అక్కడికక్కడే సంతకం పెట్టాడు. పాత నంబరే కొత్త కంపెనీకి మారింది.

ఏ కొత్త మోటారు వచ్చినా వారం రోజులు గమనించి నోటుబుక్కులో రాయడం అతని పద్ధతి. ఫోనుకీ అదే మర్యాద చేశాడు. ఆదివారం పొద్దున్న వీధి గదిలో కూర్చుని ఇలా రాశాడు:

"బరువు పాతదానికి రెండింతలు. వీపు అద్దం. జారుతుంది. జారే చోట అద్దం ఎందుకు పెట్టారో తెలియదు. దాని మీదికి రబ్బరు తొడుగు విడిగా కొనమన్నారు, అప్పుడు అద్దం కనపడదు. ముఖం చూసి తెరుచుకుంటుంది. హెల్మెట్ పెట్టుకుంటే గుర్తుపట్టదు, అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేను కాబట్టి తప్పు పట్టడం లేదు. వేలికి గ్రీజు ఉంటే ఒప్పుకోదు. గ్రీజు లేని వేలు ప్రస్తుతం ఎడమ చిటికెన వేలు ఒక్కటే. ప్రశ్నలు ఎక్కువ. నేనెక్కడున్నానో చెప్పనా అని ఏడుసార్లు అడిగింది, ఎవరికి చెబుతుందో చెప్పలేదు. కంపెనీ నుంచి ఒక్క రోజులో ఆరు మెసేజీలు, ఆరింటిలోనూ అభినందనలు. నేనేం సాధించానో రాయలేదు. మోత బాగుంది."

చివరి మాట కింద గీత గీశాడు.

సోమవారం నుంచి అసలు పరీక్ష మొదలైంది. అతనితో జంటగా పనిచేసే మనిషిని అందరూ రేడియో అంటారు. నిద్రలో తప్ప నోరు మూయడు. మెకానిక్కు లిఫ్టు నెత్తిమీద ఎక్కి ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి రేడియోకి ఫోను చేసేవాడు. "హలో" అంటే "హలో" అని తిరిగి చెప్పాలి. అంతకు మించి మాట్లాడకూడదు. రేడియోకి అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వేసి ఉండరు. మూడు రోజుల్లో, వాళ్ల చేతి కింద ఉన్న ఎనిమిది బిల్డింగుల్లో, గుంత నుంచి పైకప్పు దాకా లెక్క తేలింది. ఏడు బిల్డింగుల్లో మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఒక్క ఆరంతస్తుల బిల్డింగులో, నాలుగుకీ అయిదుకీ మధ్య గాలి కోసం గోడకి జాలీ ఉన్నచోట, గీతలన్నీ నిండుగా నిలబడ్డాయి. అక్కడ రేడియో ఊపిరి తీయడం కూడా వినపడింది.

"గురూ, ఇంత వెతుకులాట నీ పెళ్లికి కూడా చేసి ఉండవు" అన్నాడు రేడియో.

"అప్పుడు మా అమ్మ వెతికింది" అన్నాడు మెకానిక్కు.

గురువారం ఎవరైనా లిఫ్టు చెడిపోయిందని వేరే బిల్డింగుకి పిలిస్తే ఇంత శ్రమా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని బుధవారం సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి ఒక రోజు సెలవు అడిగాడు. ఎందుకన్నాడు సూపర్‌వైజరు. ముఖ్యమైన ఫోను వస్తుందన్నాడు. నాలుగేళ్లుగా సెలవడగని మనిషి కాబట్టి ఆయన ఇంకేం అడగకుండా సంతకం పెట్టాడు.

గురువారం పొద్దున్న భార్య రిపోర్టులన్నీ సంచిలో సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి సంచి పట్టీ సరిచేసుకుంది. రెండో సారి కూడా సరిచేసుకుంది. మెకానిక్కు అది చూసి, పట్టీకి కుట్టు వేయించాలనుకున్నాడు.

"ఇవాళ ఎక్కడుంటారు?"

"ఆరంతస్తుల దాని దగ్గర."

"సరే" అంది. ఇంకొక క్షణం నిలబడి, "వెళ్ళొస్తానైతే" అంది.

"వెళ్ళిరా. ఫోను ఎత్తుతాను" అన్నాడు. సెలవు సంగతి చెప్పలేదు. ఆమె అడగలేదు కదా.

పదిన్నరకల్లా అతను లిఫ్టు నెత్తిమీద, జాలీ పక్కన, నాలుగుకీ అయిదుకీ మధ్య నిలబడి ఉన్నాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు, పది వేళ్లూ తెల్లగా ఉన్నాయి. కింద 'మరమ్మతు జరుగుతున్నది' అని బోర్డు వేలాడుతోంది. అయిదో అంతస్తు పెద్దావిడ కూరగాయల సంచితో మెట్లెక్కి వచ్చి తలుపు సందులోంచి అడిగింది.

"ఏమైంది బాబూ లిఫ్టుకి?"

"ఏమీ కాలేదండీ. బాగానే ఉంది."

"మరెందుకు ఆపావు?"

"ఫోను కోసమండీ."

ఆవిడ ఇంకేదో అనబోయి, ఆయాసం వచ్చి, తన ఇంట్లోకి వెళ్లి తలుపు గట్టిగా వేసుకుంది. పైన మోటారు గదిలోంచి రేడియో తొంగిచూశాడు.

"ఇవాళ నీకు సెలవటగా! సూపర్‌వైజరు చెప్పాడు. సెలవు పెట్టి పనికొచ్చేవాణ్ణి నిన్నే చూశాను."

"పనికి రాలేదు. మా ఆవిడ ఫోను చేస్తుంది. డాక్టరు ఇవాళ రిపోర్టు చెబుతాడు."

"వదినతో ఎవరెళ్ళారు?"

"ఎవరూ వెళ్ళలేదు. తనొక్కతే వెళ్ళింది. నన్ను రానక్కర్లేదంది."

రేడియో నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. కాసేపటి దాకా పైనుంచి ఏ చప్పుడూ లేదు. మెకానిక్కుకు అది వింతగా అనిపించి తలెత్తి చూశాడు. రేడియో అతన్నే చూస్తున్నాడు, గేలి చేసే చూపు కాదు.

పదకొండుంపావుకి ఫోను మోగింది. మోత ఆ గోడల మధ్య గుడి గంటలా తిరిగింది. ఒక్క వేలితో, ఒక్క సారికే ఎత్తాడు.

"ఏమండీ, వినపడుతోందా?"

"పక్కనున్నట్టు వినపడుతోంది. చెప్పు."

"సూదితో తీసినదాంట్లో తేలలేదట. గడ్డ తీసేసి చూస్తే గానీ ఏ సంగతీ చెప్పలేమన్నారు. సోమవారం రమ్మన్నారు. చిన్న ఆపరేషనేనట. కాగితాలు రాసిచ్చేదాకా ఇక్కడే కూర్చోమన్నారు."

"తీసేస్తారు. సోమవారం" అని తిరిగి చెప్పాడు అలవాటు కొద్దీ. "భయం లేదన్నారా?"

"ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు." కొత్త కంపెనీ సిగ్నల్ నిజంగానే గొప్పది. అక్కడ ఎవరో దగ్గడం, నర్సు పేర్లు పిలవడం, ఆమె ముక్కు ఎగబీల్చుకోవడం అన్నీ వినపడుతున్నాయి. అంతలో ఎవరో మగమనిషి గొంతు ఆమె పక్కన్నుంచి స్పష్టంగా వచ్చింది.

"అమ్మా, ఈ కుర్చీలో ఎవరైనా ఉన్నారా? మీ సంచి తీస్తే కూర్చుంటాను. పొద్దున్నుంచీ చూస్తున్నా, ఎవరూ రాలేదు."

"ఉన్నారండీ" అంది ఆమె, ఫోను దూరంగా పట్టుకుని. "మావారు వస్తారు."

తర్వాత ఫోనులోకి, "సరే, ఎత్తారుగా. మీరు పని చూసుకోండి" అంది.

మెకానిక్కు మూడు రోజులు ఎనిమిది బిల్డింగులు ఎక్కి దిగాడు. ఆమె చెప్పినమాట అక్షరం పొల్లుపోకుండా చేశాడు. ఆమె పొద్దున్నుంచీ పక్క కుర్చీలో సంచి పెట్టుకుని కూర్చుంది. తనెంత మూర్ఖుడో అతనికి ఆ క్షణంలో అర్థమైంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"ఆ సంచి తియ్యకు. వస్తున్నాను" అన్నాడు.

"పనో?"

"పని లేదు. సెలవు పెట్టాను."

అంత మంచి సిగ్నల్లో కూడా అవతల ఆమె గొంతు వినపడలేదు.

"సెలవు పెట్టి లిఫ్టులో నిలబడ్డారా?" అంది చివరికి.

"ఇక్కడ బాగా వినపడుతుందని" అన్నాడు. ఆ మాట తన చెవికే ఎంత అధ్వాన్నంగా ఉందో తెలిసి, "వస్తున్నా, ఉండు" అని పెట్టేశాడు.

"కిందికి!" అని అరిచాడు పైకి. రేడియో ఈసారి తిరిగి చెప్పకుండానే మీట నొక్కాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నియమం తప్పాడు.

ఆసుపత్రి రెండు బస్సుల దూరం. అతను వెళ్లేసరికి పన్నెండు దాటింది. వరండాలో జనం గోడల వెంట నిలబడి ఉన్నారు. మధ్య వరసలో భార్య కూర్చుని ఉంది. పక్క కుర్చీలో సంచి ఉంది. దాని మీద ఆమె చెయ్యి ఉంది. ఆ మగమనిషి ఎదురుగా గోడకి ఆనుకుని సంచినే కోపంగా చూస్తున్నాడు.

ఆమె మెకానిక్కును చూసి సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. అతను కూర్చున్నాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి, అయినా పెదవి చివర నవ్వు ఆపుకుంటోందని అతనికి తెలిసింది.

"సోమవారం కూడా సెలవు పెడతాను" అన్నాడు.

"పెట్టి ఎక్కడ నిలబడతారు?"

అతను ఆమె ఒళ్లోని సంచి పట్టీ పట్టుకున్నాడు. "నీ పక్కన" అన్నాడు.