దగ్గు సాక్ష్యం

కోలారు కోర్టులో లాయరు శ్రీకంఠయ్య వాదన మొదలుపెట్టే ముందు నల్లకోటు గుండీ ఒకసారి తిప్పేవాడు. గనిలో రాతిదుమ్ము మింగి ఊపిరితిత్తులు చెడిన కూలోని పక్కన నిలబడి, "దగ్గప్పా" అనేవాడు. ఆ దగ్గు విని జడ్జి తల వంచుకునేవాడు. సీనప్ప అనే కూలోని కేసు సగంలో ఉండగానే శ్రీకంఠయ్య కార్మిక మంత్రయినాడు. గనీ సర్కారుదే, మంత్రీ సర్కారే. కేసు ఆడనే నిలిచిపోయింది.

పరిహారం అడగను, మంత్రి దిగిన ఊరిగాం బంగళాకు వచ్చిన సీనప్ప, వచ్చే దగ్గును తుండుగుడ్డతో అదిమిపెట్టుకొని నిలబడినాడు.

"మనిషి గట్టిగానే ఉండాడు సార్," అన్నాడు గని ఆఫీసరు.

"దగ్గప్పా," అన్నాడు మంత్రి.

"మంత్రి ముందర యాడ దగ్గేది సామీ?"

"జడ్జి ముందర దగ్గితివి కదప్పా."

"అప్పుడు మీరు నా పక్కన ఉంటిరి."

శ్రీకంఠయ్య చెయ్యి కోటు గుండీ కోసం ఎదమీద వెతికింది. పూలదండ తగిలింది.