చప్పుడు తగ్గించిన బండి

బండి ఇంజనులో రెండు వాల్వుల సందు చూసుకోవడానికి ఒక పూటంతా పాడు చేసుకోవాలా అని, నాగర్‌కర్నూలులో కాపురం పెట్టిన కొత్తలో మా ఆయనను సాధించేదాన్ని. ఆయన అడవి గుత్తేదారు దగ్గర పని చేసేవారు. కలప కొట్టే చోట్లు చూసుకోవడానికి మోటారు సైకిలు మీద అమ్రాబాద్ దాకా పోయి వచ్చేవారు. అంగడి నాడు అడవిలో పని ఉండదు. ఊరంతా అంగడికి పోతుంటే ఈయన వాకిట్లో చల్లారిన బండి ముందు గొంతుక్కూర్చునేవారు. పల్చని ఉక్కు రేకును వాల్వు కాడకు, దాన్ని కింద నుంచి ఎత్తే ట్యాపెట్‌కు మధ్య దూర్చి, బిగువు చూసి, పానాలతో సరిచేసి, మళ్లీ దూర్చేవారు.

"పెండ్లిచూపులల్ల నన్ను గూడ గింత మనసువెట్టి చూడలే," అనేదాన్ని. నవ్వేవారు గానీ లేచేవారు కాదు.

ఒకసారి మాత్రం చెప్పారు. ఇనుము వేడికి సాగుతుంది. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట దాని అంచును తినేస్తుంది, ఇంజను బలం పోతుంది. సందు ఉంటే టకటకమని చప్పుడు తప్పదు. "సప్పుడైతే మంచిదే. సప్పుడు బందైతేనే పరేషాన్ కావాలె," అన్నారు.

ఆ టకటకలు తహసీలు కచేరీ మలుపు నుంచే నాకు వినిపించేవి. వినగానే నీళ్ల కాగు కింద కట్టె ఎగదోసేదాన్ని. ఆయన వచ్చి బండి ఆపి, చెప్పులు విడిచేసరికి నీళ్లు మరగాలి. ఒళ్లు కాలేటంత వేడి ఉంటే తప్ప పోసుకునేవారు కాదు.

ఒక వానాకాలం బురదకు బండి కదలక అడవిలోనే కొన్నాళ్లు ఉండిపోయారు. చలిజ్వరంతో ఇల్లు చేరారు. మళ్లీ లేవలేదు.

నాకు ఏడుపు రాలేదు. చుట్టాలు వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చారు. నేను వాళ్లకు మంచినీళ్లు ఇచ్చాను. దీనిది రాతి గుండె అని ఎవరో అంటే విన్నాను. కోపం కూడా రాలేదు. వండాను, కడిగాను, పడుకున్నాను. సాయంత్రాలు కాగు ఖాళీగా ఉండేది.

మా మరిది ఆ పనిలో చేరాడు. బండీ అతనిదే అయింది. వాకిట్లోకి ఎప్పుడు వచ్చేవాడో తెలిసేది కాదు. బండి అంత మెత్తగా నడిచేది. ఎందుకని నేను అడగలేదు.

ఒక రోజు మరిది రాలేదు. మరునాడు కలప మోసే ఎడ్లబండి మీద మోటారు సైకిలును వేసుకుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మన్ననూరు దాటినంక బండి ఎత్తు ఎక్కలే వదినా. కిక్కు కొడితే కాలు ఊరికెనే కిందికి పోతున్నది. రాత్రి చెంచుల పెంటల, వాళ్ల గుడిసెల్ల పండుకున్న."

ఇతను కూడా పోతాడు అనుకున్నాను. అన్నంలో ఉప్పు తక్కువైందన్నట్టు, అంత మామూలుగా అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. చాలా రోజులకు నాకు కలిగిన మొదటి భావం అదే.

"ట్యాపెట్లు చూసినవా?" అని అడిగాను.

అతను తల దించుకున్నాడు. "చూసిన. సందు లేకుంట బిగిచ్చిన."

"అట్లెందుకు చేసినవ్?"

"గా సప్పుడు ఇంటే అన్న వచ్చిండనుకుంటవని. నీకు కష్టమైతదని."

నా కోసం చేసిన పనికి అతను రాత్రంతా అడవిలో పడి ఉన్నాడు. రోజూ ఆ ఎత్తు ఎక్కాల్సినవాడు. పెట్టె తెరిచి ఆయన ఉక్కు రేకు తెచ్చి చేతిలో పెట్టాను.

"నా సంగతి ఇడిసిపెట్టు. సప్పుడు కానియ్యి. పొద్దుగూకకముందు ఇంటికి రా, గంతే."

మిస్త్రీని పిలిపించి అంచు మాడిన వాల్వును నూరించాము. అంగడి నాడు, ఇంజను చల్లగా ఉండగా, మరిది గొంతుక్కూర్చుని సందు సరిచేశాడు. రేకు ఎంత బిగువుగా కదలాలో పక్కన నిలబడి నేను చెప్పాను. ఆ పూట నాకు పాడైనట్టు అనిపించలేదు.

మరునాడు అడవికి పోయాడు. సాయంత్రం నేను బియ్యం ఏరుతున్నాను. కచేరీ మలుపు దగ్గర టకటకమని వినిపించింది. చేట కింద పెట్టి పోయి కాగు నింపాను. పొయ్యి ముట్టించి కట్టె ఎగదోశాను. బండి వాకిట్లో ఆగేదాకా నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

మరిది ఎండైనా వానైనా బావి దగ్గర చన్నీళ్లే పోసుకునేవాడు. లోపలికి వచ్చి, ఉడుకుతున్న కాగును చూశాడు, నన్ను చూశాడు. ఆ నీళ్లే తోడుకుని పోయాడు.

పెరట్లో అతను వేడినీళ్లు పోసుకుంటున్న చప్పుడు వింటూ, పొయ్యి ముందు కూర్చుని, మా ఆయన పోయాక మొదటిసారి ఏడ్చాను.